ముందు గదిలో సెంటు కొట్టొద్దు

నాన్నా,

మధ్యాహ్నం గాలి పరీక్ష చేసే ఆవిడ మళ్ళీ వస్తుంది. నేను వేసిన చెక్క నేల నుంచి గాల్లోకి చెడు ఆవిర్లేవీ రావట్లేదని తేలితేనే సర్టిఫికెట్ ఇస్తారు. ముందు గది కిటికీలు తీయకు, నేల తుడవకు.

పోయినసారి "మనుషులొస్తుంటే గది ఘుమఘుమలాడాలి కదే" అంటూ సెంటు కొట్టేశావు. పరీక్ష తప్పింది నా నేల కాదు, నీ గులాబీ సెంటు! కోపంతో నీతో మాట్లాడటం మానేశాను. నా పనిని నోటితో మెచ్చుకోవడం చేతకాక అలా చేశావని తర్వాత తట్టింది.

ఘాటు లేని జిగురు కుదిరేదాకా ఎన్ని చెక్క పలకలు పాడుచేశానో నీకు తెలుసు. ఈసారి నెగ్గుతాను.

తా.క. నేల ఎవరు వేశారని ఆవిడ అడిగితే "మా అమ్మాయే" అని ఎంత గట్టిగానైనా చెప్పు. దానివల్ల గాలి పాడవదు.