బస్సు ఆగిన వీధి

చిట్టితల్లికి,

నాన్న ప్రేమతో దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ అమ్మా కులాసా. అక్కడ నీ నర్సు ట్రైనింగు బాగా సాగుతోందనీ, వేళకి తింటున్నావనీ తలుస్తాను. అమ్మ బీపీ మాత్రలు మానలేదు. మానితే నీకు రాసేస్తానని రోజూ బెదిరిస్తున్నాను.

పేపర్లో మన బజారు వీధి ఫొటో చూశానన్నావు, నిజమేనా అని అడిగావు. నిజమే. వీధివాళ్లు ఏడాదిపాటు మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగి, నెల రోజులు బళ్లు రాకుండా అనుమతి తెచ్చుకున్నారు. రెండు చివర్లా డ్రమ్ములు అడ్డం పెట్టారు. తారు మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా ఏరు పారుతున్నట్టు నీలం రంగు వేశారు. ఇళ్లలోని కుర్చీలూ బల్లలూ కుండీలూ బయటికొచ్చాయి. అన్నింటికీ పెద్ద దిక్కు, రిటైరైన లెక్కల టీచరమ్మ.

నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్లుగా బస్సు నడిపిన వీధి. చుట్టూ తిరిగి వెళ్తే ప్రతి ట్రిప్పూ ఆలస్యమే. టైముకి బస్సు తెస్తాడన్న పేరు తప్ప నేను సంపాదించుకున్నదేముంది?

ఇక నీ రెండో ప్రశ్న. మూడు రోజులు సెలవెందుకు పెట్టావు, మోకాలు నొప్పా అన్నావు. మోకాలు శుభ్రంగా ఉంది తల్లీ. అది సెలవు కాదు, సస్పెన్షన్. ఫోన్లో అమ్మ చేత అబద్ధం చెప్పించింది నేనే.

ఆ మంగళవారం పొద్దున్న బాగా లేటయింది. కండక్టరు వద్దంటున్నా దిగి, డ్రమ్ములు పక్కకి దొర్లించి, బస్సు లోపలికి పోనిచ్చాను. మలుపు తిరిగేసరికి నడివీధిలో కుట్టుమిషను వేసుకుని, నాకు వీపు పెట్టి టైలరు తాత కూర్చున్నాడు. హారన్ కొట్టాను. కదల్లేదు. ఆయనకి చెవుడని అప్పుడు గుర్తొచ్చింది. బ్రేకు మీద నిలబడ్డాను. బస్సు ఆగేసరికి ఆయనకీ బంపరుకీ మధ్య జానెడు కూడా లేదు.

నీడ పడిందని తాత వెనక్కి తిరిగాడు. "ఏంటయ్యా, బస్సుక్కూడా కొలతలు తియ్యాలా?" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఇంజను ఆపేశాను. అప్పుడు వినిపించింది చిట్టీ, ఆ వీధి. పిచ్చుకలు, గిన్నెల చప్పుడు, ఏ మేడ మీదో ఎవరో పాట నేర్చుకుంటున్న గొంతు. ఇన్నేళ్లలో ఒక్కసారీ వినలేదు. అద్దంలో చూస్తే కొత్త నీలం మీద నా టైర్ల నల్లటి చారలు.

టీచరమ్మ వచ్చింది. దులిపేస్తుందనుకున్నాను. "ఇంత బండి వెనక్కి తియ్యడం కష్టం కదా. మీరు దిగకండి, మేం చూసి చెప్తాం" అంది.

ఇళ్లలోంచి జనం వచ్చారు. ప్రయాణికులూ దిగారు. "రానీ, రానీ... ఆగాగు, కుండీ ఉంది!" అటూ ఇటూ ఎన్ని చేతులో! పసిబిడ్డకి నడక నేర్పినట్టు నా బస్సుని వెనక్కి నడిపించాయి. వాళ్ల వీధిలోకి దౌర్జన్యంగా దూరినవాణ్ణి కదా నేను! కళ్లు మసకబారాయి.

డిపోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. "ఎవరూ కంప్లైంటు ఇవ్వలేదు కదయ్యా" అన్నాడు మేనేజరు.

"నేనిస్తున్నాను సార్" అన్నాను. చుట్టుదారికి తగ్గట్టు టైములు మార్చమని కూడా రాసిచ్చాను.

ఆ మూడు రోజులూ నేనూ అమ్మా ఆ చారల మీద నీలం వేశాం. తాత పక్కనే కూర్చుని, నాకు బ్రష్షు పట్టుకోవడం రాదని మీ అమ్మకి చాడీలు చెప్పాడు.

మొన్న గడువు తీరింది. ఇంకో ఏడాది పొడిగించారు. బస్సులో నాలుగు నిమిషాల వీధి కదా, నిన్న సాయంత్రం అమ్మా నేనూ నడిచి దాటుదామని బయల్దేరాం. గుమ్మం గుమ్మం ముందూ ఎవరో ఒకరు కూర్చోమని కుర్చీ జరుపుతూనే ఉన్నారు. రెండు గంటలైనా సగం దాటలేదు.

ఇట్లు,
నడక నేర్చుకుంటున్న
మీ నాన్న