బెథన్‌ను బడికి దింపేవారు వేసుకోవలసిన బట్టలు

హాకెన్‌షా పట్టణం, చాపెల్ రో, పదకొండో నంబరు ఇంట్లో కాపురముంటున్న గేనర్ మే క్రాబ్‌ట్రీ అనే నేను, వయసు నలభై ఒకటి, నా సొంత తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. మందుల మత్తు నా తలకెక్కలేదని డాక్టరు ఇచ్చిన కాగితం దీనికి జతచేశాను. నొప్పి మాత్ర ఇవాళ కావాలనే మానేశాను. అందుకే చిరాకుగా ఉన్నాను. పైజమాలో కూర్చుని ఉన్నాను కూడా. ఈ రెండూ మతిభ్రమణం కింద లెక్కకు రావు.

లాయరు ఇంగమ్ గారు పొద్దున్నుంచీ ఒకటే పాట. "ఆస్తి సంగతి రాయించండి గేనర్ గారూ, మిగతావి విడిగా ఉత్తరం రాసుకోండి." ఉత్తరాలు సొరుగుల్లో పోతాయి. వీలునామాను ఎవరూ పారెయ్యరు. కాబట్టి అన్నీ ఇందులోనే ఉంటాయి, ఆయన ముఖం చిట్లించుకుంటూ టైపు చేస్తారు.

ఈ గది బయట రెండు కుర్చీల్లో ఇద్దరు కూర్చున్నారు. ఒకరు మా అక్క హెదర్, మడత నలగని తెల్లచొక్కాలో. రెండోది నా స్నేహితురాలు షెరిల్ డకెట్, పైజమా మీద లావుపాటి చలికోటుతో. నా కూతురు బెథన్‌కు ఎనిమిదేళ్లు. నా తర్వాత అది ఎవరి దగ్గర పెరగాలో ఈ కాగితం తేలుస్తుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఎవరి పేరు రాయిస్తున్నానో మాత్రం తెలియదు. గాజుతలుపులోంచి నాకు కనిపిస్తూనే ఉన్నారు. ఎల్లుండి నన్ను ఆస్పత్రిలో చేర్చుకుంటారు, తిరిగి పంపుతామని ఈసారి ఎవరూ అనలేదు.

1. ఇంతకు ముందు నేను రాసిన వీలునామా రద్దు. అది బెథన్ పుట్టినప్పుడు దుకాణంలో కొన్న అచ్చు ఫారం మీద రాసింది. అందులో ఇల్లు చూసుకునే హక్కులన్నీ అక్కకు రాసి, సాక్షి సంతకం కూడా అక్క చేతే పెట్టించాను. సాక్షిగా నిలబడిన మనిషికి ఆ వీలునామా కింద చిల్లిగవ్వ కూడా చెందదట. ఈ ముక్క చెప్పేటప్పుడు నవ్వు ఆపుకోవడానికి ఇంగమ్ గారు చాలా కష్టపడ్డారు.

2. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత ఇంగమ్ గారిదే. నవ్వినందుకు అనుభవించాలి.

3. చాపెల్ రోలోని నా ఇల్లు, అందులోని సామానంతా, సర్వహక్కులతో నా కూతురు బెథన్‌కు చెందాలి. దానికి పద్దెనిమిదేళ్లు వచ్చేవరకు 9వ అంశంలో పేరున్న సంరక్షకురాలు ఆ ఇంటిని కనిపెట్టుకుని ఉండాలి. ఆ తర్వాత అది అమ్ముకున్నా నాకు పట్టింపు లేదు. వంటగది తలుపు పక్కన ఏటేటా బెథన్ ఎత్తు కొలిచి గీసిన గీతలున్నాయి. రంగు వేయించేముందు వాటిని ఫోటో తీయాలి. బెథన్ తండ్రి పేరు జనన పత్రంలో లేదు, ఇందులోనూ ఉండదు.

4. బడి తల్లిదండ్రుల సంఘం అధ్యక్షురాలు ఫియోనా గ్లెడ్‌హిల్‌కు ఆవిడ నీలం పింగాణీ గిన్నె తిరిగి ఇచ్చేయాలి. నాకు జబ్బని తెలిసిన వారంలోనే అందులో మాంసం, బంగాళాదుంపలు వండి పంపింది. "మంచం మీంచి అలాగే లేచొచ్చింది చూడు, ఆ పిల్లకి ఇంకేం నేర్పుతుంది" అని అంతకు ముందు ఏడాది గేటు దగ్గర అన్నదీ ఆవిడే. నాకు వినపడాలనే అంది. వంట బాగుంది. గిన్నె కడగకుండా ఇవ్వాలి.

5. బడి ముందు పిల్లలను రోడ్డు దాటించే నార్మన్ విటేకర్‌కు నా ఫ్లాస్కు ఇద్దామనుకున్నాను. ఆయన సాక్షిగా వచ్చారు కాబట్టి ఇందులో ఇవ్వకూడదు. అందుకని ఈ ఉదయమే, రోడ్డు మధ్యలో, టీ నింపి మరీ చేతిలో పెట్టాను. కార్లు హారన్లు కొట్టాయి.

6. ఇక పైజమాల సంగతి. ఊళ్లో రకరకాల కథలు తిరుగుతున్నాయి కాబట్టి ప్రమాణం చేసి చెబుతున్నాను.

బెథన్‌ను మూడేళ్లపాటు నేను పైజమాలోనే బడికి దింపాను. నక్కల బొమ్మలున్న పైజమా, రబ్బరు చెప్పులు. "పాపం, అప్పటికే ఒంట్లో బాగాలేదేమో" అని ఇప్పుడంటున్నారు. అబద్ధం. నేను గుర్రంలా ఉండేదాన్ని. నాకు పొద్దున్నే లేవడం చేతకాదు, అంతే. బట్టలు మార్చుకునే అయిదు నిమిషాల్లో దాని జడ వేయొచ్చు, నేను జడే వేశాను. షెరిల్‌ది కూడా అదే పద్ధతి. పిల్లల్ని దింపి, మా ఇంటికొచ్చి, ఇద్దరం టీ తాగేవాళ్లం.

ఒక మార్చి నెలలో బడి నుంచి కాగితం వచ్చింది. తల్లిదండ్రులు పగటి దుస్తులలోనే పిల్లలను దింపవలెను, అని. గేటుకు కూడా అంటించారు. బడి ఆఫీసులో రాతకోతలన్నీ చూసేది మా అక్క. టైపు చేసింది అక్కే, నాలుగు మూలలా టేపు వేసి అంటించిందీ అక్కే. మర్నాడు నక్కల పైజమాలోనే వెళ్లాను. అక్క గేటు దగ్గర నిలబడి ఉంది.

"నీ ఇష్టం నీదే అనుకో, నా పరువు సంగతేంటి గేనర్? మీ చెల్లెలే కదా అని అందరూ నన్నే అడుగుతున్నారు."

"పిల్ల టైముకొచ్చింది, కడుపునిండా తింది, తల దువ్వాను. నా కాళ్లకి ఏముంటే నీకెందుకక్కా?"

"ఏముందో ఊరందరికీ కనిపిస్తోంది. అదే నా ఏడుపు."

నా వెనకాల నుంచి షెరిల్ అందుకుంది. "రేపట్నుంచి కిరీటాలు పెట్టుకొస్తాం లెండి మేడమ్ గారూ!"

గేటు దగ్గర ఉన్నవాళ్లంతా నవ్వారు. అక్క మెడ దాకా ఎర్రబడి, లోపలికి వెళ్లిపోయింది. తర్వాత ఏడాది పైగా మేమిద్దరం బెథన్ చేత కబుర్లు పంపుకోవడమే తప్ప మాట్లాడుకోలేదు. ఆ నవ్వు నాకప్పుడు చాలా తీపిగా ఉంది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది, ఆ సంగతి అక్క ముందు అనలేక ఇక్కడ రాయిస్తున్నాను.

7. పోయిన ఏడాది శరత్కాలంలో జబ్బు బయటపడింది. జుట్టు పోయాక మొదటిసారి గేటు దగ్గరికి వెళ్లిన రోజున కూడా నాకు ఆ నక్కల పైజమాయే. తలకు రుమాలు. ఒక్కరు ఒక్క మాట అనలేదు. ఫియోనా దారిచ్చింది. ప్రధానోపాధ్యాయిని వచ్చి నా చెయ్యి పట్టుకుంది. కాగితం గేటు మీద అలాగే ఉంది, నాకు మాత్రం వర్తించడం లేదు. ఒళ్లు మండిపోయింది. నన్ను అప్పుడే చచ్చినవాళ్ల లెక్కలో వేసేశారు.

అందుకని ఎర్రకోటు కొన్నాను. ఆస్పత్రికి వెళ్లవలసిన రోజుల్లో అది తొడుక్కుని, పెదాలకు రంగు వేసుకుని, బూట్లు మెరిపించుకుని, అందరికంటే ముందు గేటు దగ్గర నిలబడేదాన్ని. అక్కడి నుంచి అటే ఆస్పత్రికి. బాగున్న వారాల్లో మళ్లీ పైజమా. జాలి పడదామని వచ్చినవాళ్లు ఆ కోటు చూసి తడబడుతుంటే, గెలిచాననుకున్నాను. బెథన్ కోసమే చేస్తున్నాననుకున్నాను.

ఈ జూన్‌లో ఒక పొద్దున నేను కోటు గుండీలు పెట్టుకుంటుంటే బెథన్ మెట్ల మీద కూర్చుని కదలనంది.

"కోటు వద్దమ్మా."

"ఎందుకే? బాగుంది కదా?"

"కోటేసుకుంటే సాయంత్రం నువ్వుండవు. పెద్దమ్మ వస్తుంది. రాత్రి కక్కుతావు. పైజమా వేసుకో అమ్మా."

ఎన్నో నెలలుగా ఆ పిల్ల పొద్దున్నే మెట్ల మీద నిలబడి, నా ఒంటి మీద ఏముందో చూసి, ఆ రోజు ఎలా గడవబోతోందో తెలుసుకుంటోంది. ఊరందరి ముఖాలూ చూసుకున్నాను, నా పిల్ల ముఖం చూడలేదు. ఆ రోజు నుంచి ఆస్పత్రికి కూడా పైజమాలోనే వెళుతున్నాను. నర్సులు అలవాటు పడ్డారు.

8. అక్టోబరు అయిదో తేదీ ఉదయం జరిగింది కూడా రాయించాలి. ముందు రాత్రి బెథన్ షెరిల్ వాళ్లింట్లో, వాళ్ల పిల్లలతో పడుకుంది. షెరిల్ అందరినీ బడికి తీసుకెళ్లింది. నేను స్నానాలగదిలో పడిపోయాను. అక్క ఇల్లు మా ఇంటికి రెండు గుమ్మాల అవతల. జలుబుతో ఆ రోజు సెలవు పెట్టి పడుకుని ఉంది. ఫోను చేస్తే వచ్చి, అంబులెన్సు పిలిచి, నన్ను ఎక్కించింది. ఆ సైరన్ మోత బడి దాకా వినపడి ఉంటుంది, ఎవరో ఒకరు బెథన్‌తో ఏదో ఒకటి అనేస్తారని అక్కకు భయం పట్టుకుంది. ఉన్నది ఉన్నట్టు పరిగెత్తింది. పూల నైట్‌గౌను, మా నాన్న పాత రబ్బరు బూట్లు, విరబోసిన జుట్టు. తను టేపు వేసి అంటించిన కాగితం పక్కనుంచే దూసుకుపోయింది. ముప్పయ్యేళ్లలో మా అక్కను చొక్కా ఇస్త్రీ లేకుండా చూసినవాళ్లు ఈ ఊళ్లో లేరు.

ఊరంతా ఇప్పటికీ దాని గురించి కళ్లనీళ్లతో చెప్పుకుంటుంది. నేనూ ఏడ్చాను. మా మధ్య మాటలు మళ్లీ మొదలైంది ఆ రోజే. "ఇంకేం కావాలే? పిల్లని మీ అక్కకే ఇచ్చెయ్" అని షెరిల్ కూడా ముక్కు చీదుకుంటూ అంది, తన మనసులో ఏముందో నాకు తెలిసినా.

బెథన్ ఏం చేసిందో ఎవరూ చెప్పుకోరు. వరసలో నిలబడి ఉన్న పిల్ల, పెద్దమ్మను నైట్‌గౌనులో చూడగానే గేటు ఊచలు పట్టుకుని వాంతి చేసుకుంది. "లేదమ్మా, అమ్మ బతికే ఉంది" అని అక్క ఎంత చెప్పినా నమ్మలేదు. ఆస్పత్రికి తెచ్చి నన్ను చూపించేదాకా వణుకుతూనే ఉంది. నార్మన్ అంతా చూశారు. నేనడిగితే ఆయన తల వంచుకుని చెప్పారు. బెథన్ అయితే చాలా రోజులకు, నా పక్కన పడుకుని చెప్పింది. "పెద్దమ్మ గౌనులో వస్తే నువ్వు చచ్చిపోయావనుకున్నా."

9. నా కూతురు బెథన్‌కు సంరక్షకురాలిగా మా అక్క హెదర్ క్రాబ్‌ట్రీని నియమిస్తున్నాను.

నైట్‌గౌనులో పరిగెత్తినందుకు కాదు, దయచేసి ఎవరూ అలా అనుకోవద్దు. మిగతా పదివేల రోజులూ తెల్లచొక్కా, బూడిదరంగు లంగా, మా అమ్మ వెండి పిన్నుతో అదే వేళకు అదే గుమ్మం దాటినందుకు. పొద్దున్నే అక్కను చూస్తే మంచిరోజో చెడ్డరోజో ఎవరికీ తెలియదు. నేను దాన్నే వెక్కిరించాను. బెథన్ ఇక మెట్ల మీద నిలబడి ఎవరి బట్టలూ చదువుకోనక్కర్లేదు. అక్క నన్ను చూసి మనసు మెత్తబడి పైజమాలు మొదలుపెడితే ఊరుకోను. ఇస్త్రీ మానకూడదు. ఇది షరతు.

షెరిల్, తలుపులోంచి నన్ను అలా చూడకు. బెథన్‌కు నువ్వంటే ప్రాణం, నీకు నలుగురితో పాటు అయిదోది బరువు కాదనీ తెలుసు. కానీ నీ మనసులో ఏముందో వీధి చివర నుంచే కనిపిస్తుందే. కోపమొస్తే సమాధి దగ్గరికొచ్చి తిట్టు. నా నక్కల పైజమా నీకు రాస్తున్నాను, చివర కాస్త మడిచి కుట్టించుకో. ప్రతి శుక్రవారం సాయంత్రం బెథన్‌ను బడి నుంచి నువ్వే తీసుకెళ్లాలి. చేపలు, చిప్స్ కొనిపెట్టాలి. ఎప్పుడూ పైజమాలోనే రావాలి. గేటు మీద కాగితం ఏం చెప్పినా సరే. పైజమా అంటే మంచిరోజేనని అది మర్చిపోకూడదు. అక్క ఆ ఒక్క రోజు కిటికీ వైపు చూడకుండా ఫైళ్లు సర్దుకోవచ్చు.

10. నన్ను ఎర్రకోటులో పూడ్చాలి. ఆ కోటు ఇక మా ఇంట్లో ఏ కొక్కేనికీ వేలాడకూడదు.

11. ఇది హెదర్‌కు. ఇంగమ్ గారు వద్దన్నా రాయిస్తున్నాను.

అక్కా, కబురు ఏ వేళ వచ్చినా పరిగెత్తకు. నా మంచం పక్కనే ఉన్నా సరే, ముందు ఇంటికెళ్లు. ముఖం కడుక్కో. చొక్కా ఇస్త్రీ చెయ్యి. చేతులు వణికితే షెరిల్‌ను పిలువు, దానికి ఇస్త్రీ రాదు, అయినా చేస్తుంది. జుట్టు ముడి వేసుకో. అమ్మ పిన్ను పెట్టుకో. బూట్లు తుడుచుకో. నార్మన్ కార్లు ఆపుతారు, నడిచే దాటు. బెథన్ నిన్ను దూరం నుంచి చూస్తుంది. రోజూలాగే ఉన్నావు కాబట్టి దానికేమీ తెలియదు. గేటు నుంచి దాని దగ్గరికి నలభై అడుగులుంటాయి. ఆ నలభై అడుగులూ దానికి అమ్మ ఉంటుంది. తొందరపడకుండా నడువు. తర్వాత పక్కన కూర్చుని చెప్పు.

పై అంశాలన్నీ నాకు చదివి వినిపించారు. నేను చెప్పినవే. ఒక్కచోట కూడా కొట్టివేతలు లేవు.

తేదీ: 2023 నవంబరు 14, మంగళవారం, ఉదయం పదిన్నర.

(సంతకం) గేనర్ మే క్రాబ్‌ట్రీ

మేమిద్దరం చూస్తుండగా ఆమె సంతకం చేశారు. ఆమె చూస్తుండగా మేమూ చేశాం. ఇందులో మాకు చెందేది ఏదీ లేదు. సంతకం వేళకు ఆమె ఒంటి మీద నక్కల బొమ్మల పైజమా, కాళ్లకు రబ్బరు చెప్పులు ఉన్నాయి. తెలివి పూర్తిగా ఉంది.

సాక్షులు:
నార్మన్ విటేకర్, బడి ముందు రోడ్డు దాటించే ఉద్యోగి
నస్రీన్ మహమూద్, చాపెల్ రో మూలకొట్టు యజమాని