బావిలోకి దించే ముందు

చిక్వావా జిల్లా, మలావి
2025 మార్చి 3, సోమవారం

ఉరుకుందమ్మ వదినకు,

జీవమ్మ రెండు చేతులెత్తి పెట్టే వందనాలు. మీ ఆయన ఈరన్న అన్నకు, నీ కోడలు మహాదేవికి కూడా. ఇక్కడ నేను, మా ఆయన శాంతయ్య, కూతురు కెజియా దేవుని కృప వల్ల తిరుగుతూ ఉన్నాము. రోజూ ప్రార్థనలో మీ పేర్లు కూడా చెబుతాము. అది నీకు నచ్చదని తెలుసు, ఈ మాట వింటూనే మూతి తిప్పుకుంటావు. తిప్పుకో వదినా, ఆ మూతి చూసి మూడేళ్ళయింది.

ఫోన్ చేస్తే నంబరు చూసి పెట్టేస్తావని జాబు రాస్తున్నాను. మమ్మల్ని చూడడానికి కడప నుంచి వచ్చిన ఏలీషా పాస్టరుగారు ఎల్లుండి తిరిగి బయలుదేరుతున్నారు. కోసిగి దాకా వచ్చి నీ చేతికే ఇస్తానన్నారు. ఆయన్ని వాకిట్లో నిలబెట్టకు. నా మీది కోపం నా మీదే ఉంచు. మహాదేవితో చదివించుకో, మధ్యలో ఆపించకుండా చివరిదాకా విను.

ఇక్కడి సంగతులు చెబుతాను. ఎండ మన ఎండే. నేల మాత్రం ఎర్రగా ఉండి, వాన పడితే కాలికి పట్టుకుని వదలదు. వీళ్ళ తిండి న్సిమా అంటారు, మొక్కజొన్న పిండితో చేసిన మన సంగటే. మొదటిరోజు చూసి శాంతయ్య నవ్వినాడు, ఇంత దూరం విమానమెక్కి వస్తే మళ్ళీ సంగటేనా అని. వేరుశనగ బుడ్డలు కూడా పండిస్తారు. నేను బుడ్డల పొడి చేసి పంచితే ఆడవాళ్ళు వేళ్ళు నాకినారు. నీ చేతి పొడిలాగా రాలేదు. నీది ఎప్పుడూ ఉప్పు ఒక రవ్వ ఎక్కువే, అయినా అదే గుర్తుకొస్తుంది.

జనవరి నుంచి మార్చి దాకా ఇక్కడ ఆకలి నెలలు. పాత గింజలు అయిపోతాయి, కొత్త కంకి ఇంకా గట్టిపడదు. మన కోసిగి జనం సుగ్గికని ఊళ్ళు వదిలి కూలికి పోతారే, ఇక్కడ పోవడానికి ఊరు కూడా లేదు. ఈ మూడు నెలలూ మా కుండ పొయ్యి మీంచి దిగదు. పొద్దున మూడు వందల మంది పిల్లలకు గంజి పోస్తాము. కుండ మీద తెల్ల రంగుతో మా అవినాష్ పేరు రాసి ఉంది. కెజియా రాసింది, తెలుగులో. ఇక్కడి పిల్లలకు అది చదవడం రాదు, బొమ్మ అనుకుంటారు.

ఈ కుండ ఎలా మొదలైందో నీకు ఎవరూ చెప్పి ఉండరు. అవినాష్ పోయినప్పుడు శాంతయ్య గుంటూరు మిరపచేలల్లో ఉన్నాడు కదా, వచ్చేసరికి పెట్టెకు మేకులు కొట్టడమే మిగిలింది. ఆ తర్వాత ఆరు నెలలు గోడకు ముఖం పెట్టి కూర్చున్నాడు. అన్నం ముందు పెడితే తిన్నాడు, లేకపోతే లేదు. ఇద్దరినీ ఒకే ఏడు పూడ్చాలేమోనని నాకు భయమేసింది. అప్పుడు ఏలీషాగారు వచ్చి, నీ కొడుకు వెళ్ళాల్సిన చోటికి నువ్వు వెళ్ళు శాంతయ్యా అన్నారు. ఆ మాటకు మనిషి లేచినాడు. మిరపకాయలు కోసిన చేతులతో బైబిలు పట్టుకుని కడప, కర్నూలు సంఘాలన్నీ తిరిగినాడు. నా కొడుకు పరాయి బావిలో ఆకలితో చచ్చినాడు, వాడి పేరు మీద ఒక్క బిడ్డనూ ఆకలితో పడుకోనివ్వను అని చెబితే ఏడవని ఆడది లేదు. మా క్రైస్తవుల ఇళ్ళల్లో వండే ముందు దేవునికని పిడికెడు బియ్యం తీసి పెడతారు, నీకు తెలుసు. ఆ పిడికిళ్ళే మమ్మల్ని ఇక్కడికి పంపినాయి, ఇప్పటికీ ఈ కుండను నింపుతున్నాయి.

శాంతయ్య ఇప్పుడు మనిషయ్యాడు వదినా. పిల్లల్ని వరుసలో కూర్చోబెడతాడు, పాట నేర్పుతాడు, వాళ్ళ భాషలో తప్పులు మాట్లాడి నవ్విస్తాడు. కెజియా నర్సు పని చేస్తూ కాలిపుండ్లకు కట్లు కడుతుంది. నేను గంజి కలుపుతాను.

పోయిన అక్టోబరులో ఇక్కడ ఒక బావి తవ్వించినాము. నలభై అడుగులు. మోకు దగ్గర నన్ను నిలబెట్టినారు, బావుల ఊరి నుంచి వచ్చినదాన్నని. దిగబోయే ప్రతి మనిషినీ నేను అడిగేదాన్ని, మ్వాద్యా అని. తిన్నావా అని. ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నానో నీకు చెప్పక్కర్లేదు. తియామికే అనే పిల్ల, మన కెజియా వయసుది, నడుముకు తాడు కట్టుకుని వచ్చింది. అడిగితే తిన్నానంది. నేను దాన్ని దించలేదు. అందరూ ఎందుకని అడుగుతుండగానే దాని తాడు విప్పేసినాను.

ఇక అసలు సంగతి. ఏప్రిల్ పదహారున ఆదోని కోర్టులో అవినాష్ కేసు వాయిదా ఉంది, నా సాక్ష్యం అప్పుడే. శాంతయ్య మీకు చెప్పమన్నది ఇది, ఆయన మాటల్లోనే రాస్తున్నాను. మేము ఈరన్నను క్షమించినాము. క్షమించకుండా ఇక్కడ నిలబడి క్షమించమని చెప్పలేము. ఈరన్న ఒక ఆదివారం మన ఊరి ప్రార్థన గుడికి వచ్చి, సంఘం ముందు ఒక్క మాట చెబితే చాలు. అన్నం పొద్దుకు ఆ పిల్లోణ్ణి పైకి రానీలేదు, తప్పయింది అని. అంత ఒప్పుకుంటే ఏలీషాగారు వకీలుతో మాట్లాడతారు, జీవమ్మ కూడా కోర్టులో గట్టిగా చెప్పదు. పద్దెనిమిది రోజులు సబ్‌జైలులో ఉన్న మనిషిని మళ్ళీ పంపాలని మాకు లేదు. ఆయన బావి దగ్గరికి ఒక్క కూలీ కూడా రావడం లేదనీ, చేను బీడు పడిందనీ విన్నాము. ఒక్క మాటతో అన్నీ సర్దుకుంటాయని శాంతయ్య నమ్మకం.

ఇంతవరకు రాసింది ఆయనకు చదివి వినిపించినాను. బాగుంది, కానీ అక్టోబరు బావి గోల దేనికి అన్నాడు. ఉండనీ అన్నాను. ఏలీషాగారికి ఇచ్చేటప్పుడు కవరు అంటించు అని చెప్పి పిల్లల దగ్గరికి పోయినాడు.

మీ ఇంటి గోడకు ఇవతల ఇరవై ఏళ్ళు ఉన్న,
జీవమ్మ

తా.క. వదినా, కవరు ఇంకా అంటించలేదు. ఇది శాంతయ్య వినలేదు. మహాదేవిని ఇక్కడ నెమ్మదిగా చదవమను.

ఈరన్న ఏదీ ఒప్పుకోవద్దు. గుడికి రావద్దు. ఆయన చెయ్యని తప్పు ఆయన నోటితో చెప్పొద్దు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మూడేళ్ళు నోరు మూసుకున్నాను. అవినాష్‌కు ఆరేళ్ళప్పుడు మెదడు జ్వరం వచ్చింది, గుర్తుందా, కర్నూలు ఆసుపత్రిలో నువ్వూ నాతో ఉన్నావు. బతికితే వీణ్ణి సముద్రం దాటించి నీ సేవకు పంపుతాను ప్రభువా అని ఆ రోజు మొక్కుకున్నాను. మీరు తలనీలాలు మొక్కితే అవి మీ వెంట్రుకలు. నేను మొక్కింది ఇంకొకరి బతుకును. వాడు ఐటీఐ చదివి ఓర్వకల్లులో కంపెనీ ఉద్యోగం తెచ్చుకున్నాడు. అదే నెలలో మిషను వాళ్ళు శిక్షణకు రమ్మని పిలిచినారు. నలభై దినాలు ఉపవాసం ఉండు, దేవుడే చెబుతాడు అన్నాను. పొద్దు మునిగేదాకా గింజ లేదు, నీళ్ళు లేవు. ఉపవాసం ఉన్నట్టు మందికి కనబడనియ్యొద్దని వాక్యంలో ఉంది, అందుకే ఎవరికీ చెప్పలేదు. శాంతయ్యకు కూడా.

శుభ శుక్రవారానికి మూడు రోజులుంది. మీ బావిలో పూడిక తీయడానికి మేమిద్దరం వచ్చినాము, నేను గంప మోయడానికి, వాడు దిగడానికి. దోవలో వాడు ఒక మాట అడిగినాడు.

"అమ్మా, కళ్ళు తిరుగుతాండాయి. రవ్వన్ని మజ్జిగ తాగేదా?"

"మూడు దినాలే కదా నాయనా" అన్నాను.

కొంచెం దూరం నడిచినాక, వాడు తనకు ఓర్వకల్లు పోవాలనే ఉందని అన్నాడు. దేవుడు చెప్పేది వాడికి అట్లా వినబడింది. నేను విననట్టు నడిచినాను.

బావి దగ్గర ఈరన్న, ఎప్పుడూ అడిగినట్టే, మోకు చేతికిచ్చే ముందు అడిగినాడు. "ఏమప్పా అవినాషూ, తినినావా?" ఖాళీ కడుపుతో ఎవర్నీ దించనని ఆయన పట్టు, మీ మామ కాలం నుంచి ఆ బావి దగ్గర అదే పద్ధతి. అబద్ధం ఆడొద్దని పెంచిన పిల్లోడు, నోరు తెరవకుండా నా వైపు చూసినాడు. గంప చంకన పెట్టుకుని నేనే జవాబు చెప్పినాను. "తినినాడు లేన్నా, పొద్దున్నే రొట్టె తినినాడు."

మధ్యాహ్నం నువ్వు రొట్టెలు, బుడ్డల పొడి, మజ్జిగ తెచ్చినావు. అందరూ పైకి వచ్చి వేపచెట్టు కిందికి పోయినారు. వాణ్ణి నువ్వు రెండుసార్లు పిలిచినావు. అందరి ముందు తినకుండా కూర్చుంటే అడుగుతారని వాడు మళ్ళీ బావి వైపు పోయినాడు. ఎవరూ దింపలేదు. రాతిమెట్ల మీద తనే దిగినాడు, సగం దాకా. అక్కడ కళ్ళు తిరిగి లోపలికి పడినాడు, ఆ తర్వాత నీకు తెలుసు.

పోస్టుమార్టంలో కడుపు ఖాళీగా ఉందని వచ్చింది. ఎందుకు ఖాళీగా ఉందని ఎస్సై అడిగినాడు. వాణ్ణి నేనే పస్తు పెట్టినానని చెప్పే నోరు నాకు లేకపోయింది. అన్నం పొద్దుకు కూడా పైకి రానీలేదు సార్ అన్నాను. వాళ్ళమ్మే తినినాడని చెప్పింది అని ఈరన్న మొత్తుకున్నాడు. నేను అనలేదన్నాను. మా వాడ కూలీలు నా ఏడుపు చూసి నా మాటే అన్నారు. వాడు పోయినాక పెట్టిన ఆదరణ కూటంలో వాడి ఆఖరి కోరిక ఏమిటని అడిగితే, ఆకలితో ఉన్నవాళ్ళకు అన్నం పెట్టాలన్నాడని చెప్పినాను. వాడి ఆఖరి కోరిక రవ్వంత మజ్జిగ. ఆ అబద్ధం మీదే శాంతయ్య లేచి నిలబడ్డాడు, ఈ కుండ పొయ్యి మీదికెక్కింది.

అక్టోబరులో తియామికే తిన్నానన్నప్పుడు దాని కళ్ళు నా వైపు చూసినాయి. సంఘంలో మూడు దినాల ఉపవాసం నడుస్తుండె, పెట్టింది శాంతయ్యే. ఆ చూపు నేను ముందే చూసినాను వదినా. తాడు విప్పి, చెట్టు కింద కూర్చోబెట్టి, నా చేత్తో సంగటి తినిపించినాను. ఆ రోజు నుంచి నిద్ర లేదు.

నిజం చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. పిడికెడు బియ్యం ఆగుతుంది. నన్నిక్కడ ఉండనివ్వరు. శాంతయ్య మళ్ళీ గోడ వైపు తిరుగుతాడేమో, ఈసారి లేపడానికి నా దగ్గర ఏమీ లేదు. ఏప్రిల్‌కు ఇక్కడ కంకులు గట్టిపడతాయి, అప్పటిదాకా కెజియా కుండను చూసుకుంటుంది. దానికి నిన్ననే చెప్పినాను. చాలాసేపు ఏడ్చి, వెళ్ళమ్మా అంది. శాంతయ్యకు బయలుదేరే ముందు చెబుతాను.

ఈ కాగితం దాచుకోవద్దు, చించొద్దు. మీ వకీలుకు ఇవ్వు. కింద సంతకం పెట్టి, వేలిముద్ర కూడా వేసినాను. పదహారున నేనే వచ్చి నిలబడి చెబుతాను. మీ ఇంటికి రాను, నువ్వు పిలవొద్దు.

ఇంకొకటి ఉంది. ఆ రోజు వాడి వంతు రెండు రొట్టెలు నువ్వు గుడ్డలో చుట్టి తీసిపెట్టినావు. ఎస్సై వచ్చినప్పుడు అవి చూపించి, పిల్లోనికి పెట్టేకి పిలిచినా సార్ అని చెప్పబోయినావు. నేను నీ చేతిలోంచి లాక్కుని కుక్కకు వేసినాను. కొడుకు పోయిన పిచ్చిలో చేసిందనుకుని నువ్వు నన్ను పట్టుకుని ఏడ్చినావు. పిచ్చి కాదు వదినా, అవి వాడికని నువ్వు పెట్టిన రొట్టెలేనని నాకు తెలుసు.

జీవమ్మ
(ఎడమ చేతి బొటనవేలి ముద్ర)