తెరమీది చెయ్యి నాదేనని మనవి

విద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పాఠం వీడియోలో కనబడిన కుడిచెయ్యిని నాదిగా గుర్తించి, నా బదిలీని రద్దు చేయుట గురించి.

1. మా బడికి డాక్యుమెంట్ కెమెరా ఇచ్చారు. దాని కింద కాగితం పెట్టి లెక్క చేస్తే గోడమీది తెరపై పెద్దగా కనబడుతుంది. నల్లబల్లమీది రాత కంటికి ఆనక మూడేళ్ళుగా సున్నాలు తెచ్చుకున్న వెనక బెంచీ పిల్ల ఒకతి ఇప్పుడు భాగహారం చేస్తున్నది. అయితే తెర కనబడాలంటే కిటికీలు మూయాలి. మూస్తే నేను కనబడను.

2. తనిఖీ అధికారి గారు బడికి రాలేదు. ఆ కెమెరా తీసిన వీడియోను కార్యాలయంలోనే చూసి, "చెయ్యి హాజరు, ఉపాధ్యాయుడు గైర్హాజరు" అని రాశారు. దానిమీద నాకు బదిలీ వచ్చింది. గొంతు వినబడింది కదండీ అని అడిగితే, "గొంతు ఎవరిదైనా కావచ్చు మాష్టారూ, చెయ్యి మాట్లాడదు కదా" అన్నారు.

3. ముఖంతో సహా మరో వీడియో పంపమన్నారు. కెమెరా మూరెడు ఎత్తునుంచి కిందికే చూస్తుంది. అందువల్ల తల బల్లకు ఆనించి త్రిభుజ వైశాల్యం చెప్పాను. చెవి మాత్రమే పడింది. "సార్, చెవి పక్కకి తియ్యండి, త్రిభుజం కనబడట్లేదు!" అని పిల్లలు అరిచారు. కార్యాలయం వారు చెవిని ఫైలులో చేర్చి, అదీ చెయ్యీ ఒకే మనిషివని రుజువు కోరుతున్నారు.

4. నా చూపుడువేలి గోరు వంకర. కిటికీ రెక్కలో నలిగింది. సాక్ష్యానికి వీడియోను నా భార్యకు చూపించాను. "ఈ చెయ్యి ఇంత ఓపిగ్గా ఒకరికి చెప్పడం నేనెప్పుడూ చూళ్ళేదు. మీది కాదేమో" అన్నది. అందుచేత ఆమె వాంగ్మూలం జతచేయలేదు.

కనుక చెయ్యి, చెవి, నేను ఒకే ఉద్యోగి అని ఉత్తర్వు ఇప్పించి, భిన్నాలు పూర్తయ్యేవరకైనా మమ్మల్ని ఇక్కడే ఉంచమని వేడుకోలు. ఇందులో అతిశయం లేదని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
లెక్కల మాష్టారు
(సమస్త అవయవాలతో)

తా.క.: బదిలీ సంగతి ఆ వెనక బెంచీ పిల్లకు చెప్పాను. "పోనీ, మీరు వెళ్ళండి సార్. చెయ్యి ఇక్కడ వదిలేసి వెళ్తారా?" అన్నది. నేను కెమెరా కింద లెక్క మొదలుపెట్టాను. చెయ్యి కొంచెం వణికింది. తెరమీద అది చాలా పెద్దగా కనబడింది.