వాసన తెలియని ముక్కు

సోమవారం, రాత్రి

నిద్ర పట్టడం లేదు. పొద్దున బోధన్‌లో మా టిఫిన్ సెంటర్ తెరిచి అగ్గిపెట్టె తీశానో లేదో, కోడలు లత పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అత్తమ్మా, పుల్ల గీయకు! గ్యాస్ వాసన గింత ఘోరంగ వస్తుంటే నీకు తెలుస్తలేదా?"

నిజంగానే తెలియలేదు. చలికాలం నుంచి ముక్కు మూసుకుపోయే ఉంది. జలుబే కదా అని మెడికల్ షాపు గోలీలతో నెట్టుకొస్తున్నాను.

లత సిలిండర్ కట్టేసి, తలుపులు తెరిచి, మధ్యాహ్నం నన్ను నిజామాబాద్ తీసుకుపోయింది. డాక్టరమ్మ ముక్కులోకి లైటు వేసి చూసింది. "జలుబు ఇన్ని నెలలు ఉండదమ్మా. జరం లేదు, కండ్లు దురద పెడుతున్నయి, తుమ్ములు ఆగుతలేవు. ఇది అలర్జీ. ఈ స్ప్రే రోజూ కొట్టుకోవాలె. ఒక్కరోజుల తగ్గలేదని బంద్ పెట్టొద్దు" అంది.

"మరి వాసన మళ్ళొస్తదా?"

"చానా మందికి వస్తది. చూద్దాం."

ఇందాక స్ప్రే కొట్టుకుని కొత్తిమీర కట్ట ముక్కుకు ఆనించుకున్నాను. ఏమీ తెలియలేదు. ఒకప్పుడు సాంబారు వాసన చూసే ఉప్పు చాలలేదని చెప్పేదాన్ని. రేపటి నుంచి పొయ్యి తనే వెలిగిస్తానంది లత, సరేనన్నాను. కానీ ఇప్పుడు, ఇంట్లో అందరూ నిద్రపోతుండగా, వంటింట్లో గ్యాస్ లీకవుతున్నా నాకు తెలియదు కదా...