అమ్మ చెంప మీది మచ్చ

తమ్ముడు బ్లెస్సన్‌కు,

ఫోన్ చేస్తే అరుస్తానని ఉత్తరం రాస్తున్నాను. ఉప్పల్‌లో ఫొటో ఎడిటింగ్ నేర్చుకుంటున్నావు కదా, అమ్మ జ్ఞాపకార్థ కూడికకు ఫొటో పెద్దది చేయమని ఆమె ఫోన్ నీకిచ్చాను. ఆమె ఒక్కతే ఉన్న ఫొటో అందులో అదొక్కటే. నువ్వు ఆమెను తెల్లగా చేశావు, మెడలో హారం వేశావు, చెంప మీది మచ్చ తుడిచేశావు. నాచారం ఫ్యాక్టరీలో వేడినూనె చిమ్మి కాలిన మచ్చ అది. ఆ జీతంతోనే మనం చదివాం.

కూడికకు వచ్చిన పక్కింటి కిష్టమ్మ, "గీమె ఎవరు బిడ్డా, మీ అమ్మ ఫొటో పెట్టలేదేంది?" అని నన్నడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది.

అసలు ఫొటో ఇమ్మంటే ఏమన్నావు? "అదే పేరు మీద సేవ్ జేసినక్కా, పాతది పోయింది" అన్నావు. నమ్మాను.

నిన్న నీ వెబ్‌సైట్ చూశాను. అమ్మ ఫొటోలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మచ్చ ఉన్నదాని కింద 'ముందు', లేనిదాని కింద 'తర్వాత' అని రాశావు. నాకు దొరకని ఫొటో నీ పనితనం చూపించుకోవడానికి దొరికిందా? సిగ్గు లేదురా?

ఆ 'ముందు' ఫొటో ఆదివారంలోగా నాకు పంపు. 'తర్వాత' అన్నామెను నువ్వే ఉంచుకో. ఆమె నాకు తెలియదు.

ఆ చెంపకు నెలరోజులు మందు రాసిన,
నీ అక్క