తాళ్లు బిగించే మనిషి

అన్నయ్యకు,

మన రెండు దోనెల నావ నీళ్లలోకి దిగింది. ఊరంతా కలిసి నాలుగేళ్లు కట్టాం. దోనెలను కలిపే దూలాలకు ఇనుప బోల్టులే వేయాలని నువ్వు పట్టుబట్టి, ఎవరూ వినకపోతే అలిగి మౌకే దీవికి వెళ్లిపోయావు. "ఆడవాళ్లు పేనిన కొబ్బరితాళ్లు మొదటి అలకే తెగుతాయి" అన్నావు. ఆ తాళ్లు పేని కట్టినవాళ్లలో నేనూ ఉన్నాను; ఆ మాట నన్ను గుచ్చింది, దాచను.

మంగళవారం నావను పగడపు దిబ్బ దాటించారు. నేనూ ఎక్కాను. పెద్ద అల వచ్చి ఎడమ దోనెను పైకెత్తేసింది, కుడిది ఇంకా పల్లంలోనే ఉంది. దూలాలు కిర్రుమన్నాయి. తాళ్లు సాగి మళ్లీ బిగుసుకున్నాయి. ఒక్క పోగు తెగలేదు. రాపిడికి ఒక కట్టు మాత్రం వదులైతే, పాకుతూ వెళ్లి నేనే బిగించాను.

నావ నడిపే పయెరె అది చూశాడు.

"అత్తా, మనం వెళ్లే తహితి దీవి దాకా ఇలాంటి అలలే. ఈ తాళ్ల అలకలు నాకు తెలీవు. నువ్వు రాకపోతే నేనూ పోను."

"అరవై రెండేళ్ల ముసలిదాన్నిరా!"

"తాళ్లు నీ వయసడిగాయా?"

వస్తానన్నాను. వచ్చే నెల మొదటి శనివారం బయలుదేరుతున్నాం. ఇది నీ అనుమతి కోసం రాస్తున్న ఉత్తరం కాదు. నేను తిరిగొచ్చేదాకా నా పందులకు మేత వేస్తావా అని అడుగుతున్నాను.

ముందురోజే రా. ఆ కట్లను నీ చేత్తో ఒకసారి లాగి చూడు. నువ్వు చూశాకే తెరచాప ఎత్తమని పయెరెకు చెప్పాను.

నీ చెల్లెలు